లెక్క తప్పింది సరే, ఎక్కడ తప్పింది?

దాతల సహాయంతో నడిచే బడికి వెళ్లినప్పుడు మనం సాధారణంగా అడిగే ప్రశ్న ఒకటే: ఎంతమంది పాసయ్యారు? అది అవసరమైన ప్రశ్నే. కానీ జవాబు వచ్చేసరికి ఏడాది గడిచిపోతుంది. లెక్కల్లో వెనకబడిన బిడ్డ ఆ వెనకబాటుతోనే పైతరగతికి వెళ్లిపోతాడు.

పాఠం జరుగుతుండగానే ఎవరికి ఏది అర్థం కాలేదో కనిపెట్టి, వెంటనే బోధన మార్చుకోవడాన్ని నిర్మాణాత్మక మూల్యాంకనం అంటారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ నిరంతర సమగ్ర మూల్యాంకనం ఉండాలంటోంది. మార్కులు రిజిస్టరులో ఎక్కించడంతో ఆ పని పూర్తికాదు.

ఉదాహరణకు, మూడో తరగతి పిల్లలను 52లోంచి 27 తీసేసి, జవాబు పలకపై రాసి పైకెత్తమన్నారనుకోండి. సరైన జవాబు 25. ఇద్దరు 35 అని రాశారు. తప్పు ఒకటే, కారణాలు వేరు. మొదటి బిడ్డ 2లోంచి 7 పోదు కాబట్టి తిరగేసి 7లోంచి 2 తీశాడు. రెండో బిడ్డ ఒక పదిని అప్పు తెచ్చి 12లోంచి 7 తీసింది. పదుల స్థానంలో ఒకటి తగ్గించడం మరిచింది. ఇప్పుడు 50లోంచి 27 తీయమంటే తేడా బయటపడుతుంది: మొదటి బిడ్డ 37 అంటాడు, రెండో బిడ్డ 33 అంటుంది. సరైనది 23.

పదేసి పుల్లల కట్టలు ఐదు, విడి పుల్లలు రెండు ముందు పెడితే ఇద్దరికీ దారి దొరుకుతుంది. రెండు పుల్లల్లోంచి ఏడు తీయలేమని, కట్ట విప్పాలని మొదటి బిడ్డ చూస్తాడు. విప్పాక మిగిలేవి నాలుగు కట్టలేనని రెండో బిడ్డ చూస్తుంది. అదే పద్ధతిని మళ్లీ బోర్డు మీద రాసి చూపితే ఇద్దరికీ ఉపయోగం తక్కువే.

మన పిల్లల విషయంలో మరో సంగతి ఉంది. 'యాభై రెండు' అనే మాటలోనే పదులు, ఒకట్లు విడివిడిగా వినిపిస్తాయి. ఇంట్లో ఉర్దూలో వినే 'బావన్'లో అలా వినిపించవు. తెలుగు మీడియంలో చదివే బిడ్డ తడబడితే తెలివి తక్కువనుకోకుండా, రెండు భాషల్లోనూ సంఖ్య చెప్పించి కట్టలతో చూపాలి.

దీనికి పెద్ద ఖర్చు లేదు. పలకలు, సుద్దముక్కలు, పుల్లలు చాలు. అసలు కావలసింది టీచరుకు ప్రతి పలకా చూసే వీలు, అంటే తక్కువమంది పిల్లలు, కొంత శిక్షణ. మన విరాళాల్లో కొంత భాగం వీటికి కేటాయించాలి. ఈసారి బడికి వెళ్లినప్పుడు టీచరును ఇంకొక ప్రశ్న కూడా అడగండి: "నిన్నటి పాఠంలో పిల్లలకు ఏది అర్థం కాలేదు, ఇవాళ దానికోసం ఏం మార్చారు?"