యూజీన్ ముసురులో శనివారం ఆట

నవంబరు నెలాఖరు వచ్చేసరికి ఆరెగాన్ రాష్ట్రంలోని యూజీన్ ఊరికి రెండే ధ్యాసలు. ఒకటి వాన, రెండోది ఫుట్‌బాల్. ఫుట్‌బాల్ అంటే మనం ఎరిగిన, కాలితో తన్నే ఆట కాదు. రెండు కొసలా మొనదేలిన తోలుబంతిని చంకన ఇరికించుకుని పరిగెత్తే, దూరానికి విసిరి అందుకునే అమెరికా ఆట. యూనివర్సిటీ ఆఫ్ ఆరెగాన్ జట్టు పేరు డక్స్, అంటే బాతులు. ఈసారి రెగ్యులర్ సీజన్ ఆఖరి ఆట వాషింగ్టన్ యూనివర్సిటీ జట్టు హస్కీలతో. 1900లో మొదలైన పోటీ అది. అక్కడ ఆ రోజుకు ఉండే ఆత్రం మనకు భారత్-పాకిస్తాన్ మ్యాచి ముందు ఉండే ఆత్రం కన్నా తక్కువదేమీ కాదు.

మా మనవరాలు ఆ యూనివర్సిటీలోనే చదువుతోంది. నిన్న ఫోన్ చేసి, "తాతయ్యా, శనివారం వాన పడుతుందా? ఫోనులో 60 శాతం అని చూపిస్తోంది. అంటే వెళ్లాలా, మానాలా?" అని అడిగింది. వెళ్లాలి, తప్పకుండా వెళ్లాలి. వాన గురించి నాలుగు మాటలు తెలుసుకుని వెళ్తే ఆట ఇంకా బాగుంటుంది. ఆ మాటలు ఫోనులో తేలేవి కావు కనుక ఇలా రాస్తున్నాను. మిగతా పిల్లలూ చదవచ్చు.

అమ్మడూ, ముందు ఆ 60 శాతం సంగతి తేలుద్దాం. మధ్యాహ్నంలో 60 శాతం సేపు కురుస్తుందని దాని అర్థం కాదు. ఊళ్లో 60 శాతం మేర తడుస్తుందనీ కాదు. మీ నేషనల్ వెదర్ సర్వీస్ లెక్క ఇది: ఆ వ్యవధిలో నువ్వు నిలబడ్డ చోట కనీసం అంగుళంలో నూరో వంతు, అంటే పావు మిల్లీమీటరు వాన పడే అవకాశం పదింట ఆరు. అలాంటి వాతావరణం ఉన్న రోజులు పది తీసుకుంటే ఆరు రోజులు తడుస్తావు, నాలుగు రోజులు తడవవు. అంతే. పావు మిల్లీమీటరు అంటే రోడ్డు నల్లబడేంత. ఆ అంకె ఎంత కురుస్తుందో చెప్పదు, ఎంతసేపు కురుస్తుందో కూడా చెప్పదు. వాటికోసం గంటగంటకూ ఎన్ని మిల్లీమీటర్లో చూపే వరస ఉంటుంది, దాన్ని చూడు. ఆటకు సిద్ధమవడానికి పనికొచ్చేది అదే.

ఇంతకీ ఆ వాన ఎక్కణ్ణించి వస్తోంది? పసిఫిక్ సముద్రం మీ ఊరికి పడమరగా వంద కిలోమీటర్ల లోపే ఉంది. మధ్యలో కోస్ట్ రేంజ్ కొండలు అడ్డం. ఎండాకాలమంతా ఆ సముద్రం మీద అధిక పీడనం పెద్ద మేర తిష్ఠ వేసుకుని తుపాన్లను ఉత్తరానికి మళ్లిస్తుంది. అందుకే మీకు జులై, ఆగస్టుల్లో చినుకు అపురూపం. శరదృతువు ముదిరేకొద్దీ ఆ అధిక పీడనం దక్షిణానికి జరుగుతుంది. అలాస్కా వైపు అల్పపీడనం బలపడుతుంది. ఇక ఒకదాని వెనక ఒకటిగా తడి గాలులు మీ తీరం మీదికి వస్తాయి. అవి కోస్ట్ రేంజ్ ఎక్కేటప్పుడు చల్లబడతాయి. మబ్బు పట్టని గాలి ప్రతి కిలోమీటరు ఎత్తుకూ పది డిగ్రీలకు కాస్త తక్కువగా చల్లారుతుంది. చల్లారిన గాలి అంత ఆవిరిని ఇముడ్చుకోలేదు, నీళ్లు విడిచేస్తుంది. ఆ కొండల పడమటి వాలున ఏడాదికి 2500 మిల్లీమీటర్లు దాటే చోట్లున్నాయి. యూజీన్ వాటికి తూర్పున, లోయలో ఉంది కనుక మీ వంతు దాదాపు 1000 మిల్లీమీటర్లు. ఇంకా తూర్పుకు పోయి క్యాస్కేడ్ పర్వతాలు దాటితే బెండ్ అనే ఊరుంది. అక్కడ సుమారు 300 మిల్లీమీటర్లే. మన అనంతపురం కరువుకూ కారణం ఇదే. నైరుతి గాలి పడమటి కనుమల అవతలి వాలున తన నీళ్లన్నీ విడిచేసి, దిగుతూ వేడెక్కి, పొడిగా మన రాయలసీమ మీదికి వస్తుంది.

ఒక్కోసారి హవాయి దీవుల వైపు నుంచి కొన్ని వందల కిలోమీటర్ల వెడల్పుతో ఆవిరి ప్రవాహం ఒకటి నేరుగా మీ తీరాన్ని తాకుతుంది. శాస్త్రవేత్తలు దాన్ని వాతావరణ నది అంటారు, మీ ఊరివాళ్లు పైనాపిల్ ఎక్స్‌ప్రెస్ అంటారు. ఫోనులో ఆ మాట కనిపిస్తే మాత్రం రెండు జతల సాక్సు పెట్టుకో.

ఇక్కడొక సంగతి నాకు ఎప్పుడూ అబ్బురంగానే ఉంటుంది. విజయవాడకూ ఏడాదికి సుమారు 1000 మిల్లీమీటర్లే. కొలత చూస్తే రెండూ ఒక్కటే. కానీ మనకు అది కొద్ది పదుల రోజుల్లో దిమ్మరించి పోతుంది. మీకు ఏడాదిలో మూడో వంతుకు పైగా రోజులు కాస్త కాస్త పడుతూనే ఉంటుంది. మన వాన ఉరుముతుంది, మీది ముసురు పట్టి కూర్చుంటుంది. ఈ తేడా చినుకులోనే ఉంది.

మన గాలివాన మేఘం లోపల గాలి సెకనుకు పది మీటర్లకు మించిన వేగంతో పైకి లేస్తుంది. చినుకు పడబోతే దాన్ని మళ్లీ పైకి నెడుతుంది. అలా పైనే తచ్చాడుతూ, పక్క చినుకులను కలుపుకుంటూ అది లావెక్కుతుంది. ఇక ఆపలేనంత బరువయ్యాక కిందికి వస్తుంది. మీ ముసురు మబ్బులో గాలి సెకనుకు కొన్ని సెంటీమీటర్లే లేస్తుంది. చినుకు పెరగకముందే రాలిపోతుంది. అర మిల్లీమీటరు తుంపర సెకనుకు రెండు మీటర్ల వేగంతో పడుతుంది. ఒక మిల్లీమీటరు చినుకు నాలుగు మీటర్లు. అయిదు మిల్లీమీటర్ల చినుకు తొమ్మిది మీటర్లు. అయిదు మిల్లీమీటర్ల చినుకు ఒక మిల్లీమీటరు చినుకు కన్నా 125 రెట్లు బరువు. వేగం కూడా కలిపి లెక్క కడితే నేలను తాకే శక్తి ఆరువందల రెట్లకు పైనే. మన వాన రేకుల మీద అంత మోత మోగించేది అందుకే.

చినుకు బొమ్మ గియ్యమంటే పిల్లలంతా పైన మొనదేలిన కన్నీటిబొట్టు గీస్తారు. నిజం చినుకు అలా ఉండదు. చిన్నది గుండ్రం. రెండు మిల్లీమీటర్లు దాటిందంటే కింది నుంచి గాలి ఒత్తిడికి అడుగు చదునై, పైన ఉబ్బెత్తుగా, బోర్లించిన ఇడ్లీలా ఉంటుంది. అయిదారు మిల్లీమీటర్లు దాటితే గాలి దాన్ని నిలవనివ్వదు, చిందరవందరగా పగిలిపోతుంది.

మరి ఇంత చిన్నదాన్ని కొలిచేదెట్లా? అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలో విల్సన్ బెంట్లీ అనే రైతు ఉండేవాడు. మంచు పలుకులను ఫొటోలు తీసి పేరు తెచ్చుకున్నవాడు. ఆయన పళ్లెంలో మెత్తటి పిండి అంగుళం మందాన పోసి, వానలో కొద్ది క్షణాలు ఉంచి తీసేసేవాడు. ఒక్కో చినుకు పిండిలో పడి ఒక్కో ఉండ అయ్యేది. అవి ఆరాక కొలిచేవాడు. ఉండ సైజూ చినుకు సైజూ ఒకటేనా అన్న అనుమానం వచ్చి, తెలిసిన కొలత గల నీటిబొట్లను పిండి మీద జారవిడిచి సరిచూసుకున్నాడు కూడా. 1904లో ఆ ఫలితాలు అచ్చు వేశాడు. పెద్ద లాబ్ లేదు, జీతమిచ్చే సంస్థ లేదు. అలాంటి మనిషి అంటే నాకు ఎంతో గౌరవం. సైన్సు చెయ్యాలంటే ముందు ఉండాల్సింది ఆయనకు వచ్చిన ఆ అనుమానమే.

ఇప్పుడు ఆటకు వద్దాం. ఆ తోలుబంతి బరువు 400 గ్రాములకు అటూ ఇటూ. బంతి విసిరే ఆటగాడు, క్వార్టర్‌బ్యాక్, దాన్ని విసిరేటప్పుడు వేళ్లతో పక్కకు దొర్లించి వదుల్తాడు. బంతి సెకనుకు పది చుట్లు తిరుగుతూ పోతుంది. ఆ తిరుగుడు వల్లే దాని మొన దారి తప్పకుండా ముందుకే ఉంటుంది, గాలి తక్కువ అడ్డుపడుతుంది. ఆ తిరుగుడు ఇచ్చేది వేళ్లకూ తోలుకూ మధ్య రాపిడి. బంతి మీద కనిపించే చిన్న చిన్న బొడిపెలూ, కుట్టిన తాడూ ఆ పట్టు కోసమే. ఆ రెండింటి మధ్య నీటిపొర చేరిందంటే వేలు జారుతుంది, తిరుగుడు తగ్గుతుంది, బంతి ఊగిసలాడుతూ పోయి ఎవరి చేతుల్లోనో పడుతుంది. దానికి తోడు చలికి వేళ్ల కొసలు మొద్దుబారతాయి. అందుకే క్వార్టర్‌బ్యాక్ నడుముకు తువ్వాలు వేలాడుతుంటుంది. గట్టుమీద కుర్రాళ్లు ఒకటే పనిగా బంతులు తుడుస్తుంటారు. కాలేజీ ఆటలో ఏ జట్టు బంతులు ఆ జట్టువే కనుక ఎవరి తువ్వాళ్ల శ్రద్ధ వాళ్లది. శనివారం కాసేపు వాళ్లనూ చూడు. ఆ పనికి చప్పట్లు ఉండవు గానీ ఆట చాలావరకు వాళ్ల చేతుల్లోనే ఉంటుంది.

వాన ఆటను ఎంతదూరం తీసుకుపోగలదో మీ ఆట్జెన్ స్టేడియమే ఒకసారి చూసింది. 1983 నవంబరు 19న ఆరెగాన్ డక్స్, పొరుగున కార్వాలిస్‌లో ఉండే ఆరెగాన్ స్టేట్ బీవర్లతో ఆడారు. పట్టుకున్న బంతి పట్టుకున్నట్టే చేజారింది. బంతిని కాలితో తన్ని గోలు స్తంభాల మధ్యగా పంపే ఫీల్డ్ గోల్ ప్రయత్నాలు నాలుగూ గురి తప్పాయి. చివరికి 0-0. చాలామంది బురద వల్ల అనుకుంటారు. అక్కడ బురదెక్కడిది? 1969 నుంచీ ఆ మైదానంలో ఉన్నది కృత్రిమ పచ్చిక. కాలు కన్నా ఎక్కువ మోసం చేసింది చెయ్యి, తడి తోలు. 1996లో పెద్ద కాలేజీ ఆటల్లో ఓవర్‌టైమ్ వచ్చి సమాన ఫలితాలు పోయాయి కనుక, ఆ స్థాయిలో 0-0గా ముగిసిన ఆఖరి ఆట అదే. ఎప్పటికీ అదే అవుతుంది.

ఇంత తడిసిన స్టేడియంలో అనౌన్సర్ డాన్ ఎస్సిగ్ చాలా ఏళ్లపాటు మైకులో వాతావరణం చదివి, ఆట్జెన్ స్టేడియంలో వాన ఎప్పుడూ కురవదని ప్రకటించేవాడు. జనమంతా గొంతు కలిపేవారు. తడుస్తూనే ఆ మాట అరిచే యాభైవేల మందిని తలుచుకుంటే నాకు ఆ ఊరి మీద ప్రేమ పుడుతుంది. వానను తిట్టుకోకుండా తమదిగా చేసుకున్నారు. జట్టు పాత పేరు కూడా వెబ్‌ఫుట్స్, వేళ్ల మధ్య పొర ఉన్న పాదాలవాళ్లని. బాతు దాకా రావడానికి ఎక్కువ దూరం లేదు. 1947లో డొనాల్డ్ డక్ బొమ్మ వాడుకోవడానికి వాల్ట్ డిస్నీ, యూనివర్సిటీ క్రీడల డైరెక్టరు లియో హారిస్‌తో చేతులు కలిపి ఒప్పుకున్నాడు.

వానకు తగిన జట్టు పేరు అంతకంటే దొరకదు. బాతు తోక మొదట్లో ఒక నూనె గ్రంథి ఉంది. ముక్కుతో ఆ నూనె తీసి ఈకలకు రాసుకుంటూ ఉంటుంది. అయితే నూనె సగమే కథ. ఈక పాయలు సన్నసన్న కొక్కేలతో ఒకదానికొకటి తగులుకుని, మధ్య మధ్య గాలిని పట్టి ఉంచుతాయి. నీటిబొట్టుకు ఆనుకునే చోటు పాయల కొసల మీదే దొరుకుతుంది, మిగతాదంతా గాలి. అందుకే దొర్లిపోతుంది. తామరాకు మీద నీటిబొట్టు నిలవకపోవడమూ ఇలాంటిదే. అక్కడ మైనపు పూతా, కంటికి ఆనని బొడిపెలూ ఆ పని చేస్తాయి.

ఇప్పుడు నీ ఒంటి సంగతి. నవంబరు చివర మీకు పగలు పది డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆట మూడున్నర గంటలు. నిన్ను వెచ్చగా ఉంచేది బట్ట కాదు, బట్టలో ఇరుక్కున్న గాలి. నూలు బట్ట తడిస్తే ఆ గాలి చోట్లోకి నీళ్లు చేరతాయి. నీళ్లు గాలి కన్నా పాతిక రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తాయి. పైగా ఒంటి మీద ఆరే ప్రతి గ్రాము నీరూ దాదాపు 580 కాలరీల వేడి పట్టుకుపోతుంది. ఉన్ని పీచు తన బరువులో మూడో వంతు దాకా తేమ తాగినా ముడుచుకుపోదు, గాలి అరలు నిలుస్తాయి. కాబట్టి ఒంటికి ఆనించి ఉన్ని, పైన రెయిన్‌కోటు. గొడుగు తీసుకెళ్లకు, లోపలికి రానివ్వరు. రానిచ్చినా లాభం లేదు. సెకనుకు నాలుగు మీటర్ల పిల్లగాలి ఉంటే చాలు, మిల్లీమీటరు చినుకు 45 డిగ్రీల ఏటవాలుగా మొహానే కొడుతుంది.

ఇక ఆ 60 శాతానికి నా తీర్పు: టికెట్టు ఎవరికీ ఇవ్వకు. బయల్దేరే ముందు ఒక పని చెయ్యి. లోతు పళ్లెంలో మైదా అంగుళం మందాన జల్లించి పోసి, పైన మూతపెట్టి వాకిట్లోకి తీసుకెళ్లి, మూత తీసి మూడు సెకన్లు ఉంచు. మళ్లీ మూసి లోపల పెట్టి వెళ్లు. ఆట నుంచి వచ్చేసరికి ఉండలు ఆరి ఉంటాయి. టీ వడకట్టే జల్లెడలో జల్లించి, స్కేలు పెట్టి అన్నిటికంటే పెద్దది ఎంతుందో కొలిచి నాకు చెప్పు. ఇది చదివే పిల్లలూ, మీ ఊళ్లో వచ్చే గాలివానకు మీరూ ఒక పళ్లెం పట్టి కొలవండి. యూజీన్ ఉండా, మీ ఊరి ఉండా పక్కపక్కన పెట్టి చూద్దాం.