బాటసారి రొమ్మునకు రక్షణ

కాలినడకన పోవువారికి వాహనములోని వారివలె ఇనుప కవచము లేదు. ప్రకృతి ప్రసాదించిన ప్రక్కటెముకల గూడే వారికి కవచము. పండ్రెండు జతల ఆ యెముకల నడుమ గుండెయు, ఊపిరితిత్తులును, పెద్ద రక్తనాళములును ఇమిడియున్నవి. 2022వ సంవత్సరమున భారతదేశములో రహదారి ప్రమాదములవలన 1,68,491 మంది మరణించిరి. వారిలో 32,825 మంది పాదచారులు. అనగా మృతులలో ఇంచుమించు ఐదవవంతు.

దెబ్బ తగులు విధము

ముందుభాగము పల్లముగానుండు కారు తాకినపుడు మొదటి దెబ్బ సాధారణముగా కాళ్లకు తగులును. పిదప దేహము బానెట్టుపైకి వాలి, రొమ్మును తలయు దానికి గాని, ముందరి అద్దమునకు గాని కొట్టుకొనును. బస్సు, లారీ, ఎత్తయిన కారు మొదలగునవి తాకినచో దెబ్బ నేరుగా నడుమునకో, రొమ్మునకో తగులును. పొట్టివారగుటచే పిల్లలకు ఈ యపాయము మరింత హెచ్చు.

వృద్ధుల యెముకలు పెళుసుబారియుండుటచే స్వల్పమైన తాకిడికే విరుగవచ్చును. పిల్లల యెముకలు వంగు స్వభావము గలవి. అవి విరుగకయే లోపలి ఊపిరితిత్తి నలుగవచ్చును. విరిగిన యెముక మొన ఊపిరితిత్తిని చీల్చినచో, గాలియో రక్తమో రొమ్ముగూటిలో చేరి దానిని అణచివేయును. కావున పైకి గాయము కానరానంతమాత్రమున అపాయము లేదని తలంపరాదు.

వాహనము నడుపువారి బాధ్యత

మన దేశమున కార్లకు విధింపబడిన పాదచారి రక్షణ ప్రమాణములలో తలకును, కాళ్లకును తాకిడి పరీక్షలు కలవు. రొమ్మునకు ప్రత్యేక పరీక్ష లేదు. కావున రొమ్మును కాపాడు ముఖ్యసాధనము వేగమును తగ్గించుటయే. కారు వేగము గంటకు 50 కిలోమీటర్ల నుండి 65 కిలోమీటర్లకు పెరిగినచో పాదచారికి మరణాపాయము నాలుగున్నర రెట్లగునని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది. కారు ముందు ఇనుప కమ్మీలు బిగించుట దెబ్బను మరింత తీవ్రము చేయును. వీనిపై చర్య గైకొనవలసినదిగా 2017లో కేంద్ర ప్రభుత్వము రాష్ట్రములను ఆదేశించినది.

బాటసారులు పాటింపవలసినవి

కాలిబాట యున్నచోట దానిమీదనే నడువవలెను. లేనిచోట కుడి అంచున, ఎదురువచ్చు వాహనములు కనబడునట్లు నడచుట మేలు. ఆగియున్న బస్సు చాటునుండి హఠాత్తుగా రోడ్డుపైకి రాకూడదు. పిల్లల చేయి పట్టుకొని, వారిని రోడ్డునకు దూరముగానున్న ప్రక్కన నడిపింపవలెను. రాత్రివేళ తెల్లని దుస్తులు ధరించుట మంచిది.

ప్రమాదము జరిగినపుడు

వెంటనే 108కి గాని, 112కి గాని ఫోను చేయవలెను. వాహనముల తాకిడి భయము లేనిచో గాయపడినవారిని కదల్పరాదు. రొమ్ముచుట్టు గుడ్డతో బిగించి కట్టిన ఊపిరి మరింత కష్టమగును, అట్లు చేయరాదు. గ్రుచ్చుకొనిన వస్తువును పెరికివేయరాదు. నీరు, ఆహారము ఈయరాదు.

సహాయము చేసినచో చిక్కులు వచ్చునని వెనుదీయ నక్కరలేదు. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము సద్బుద్ధితో తోడ్పడినవారికి రక్షణ కల్పించినది. 2025లో ప్రకటింపబడిన పథకము ప్రకారము, బాధితులకు నిర్ణీత ఆసుపత్రులలో ప్రమాదదినము మొదలు ఏడు దినములవరకు, లక్షా యేబదివేల రూపాయలకు మించకుండ, నగదు చెల్లింపు లేని చికిత్స లభించును.

దెబ్బతినినవారు లేచి నడువగలిగినను వైద్యునకు చూపించుకొనవలెను. తరువాత ఆయాసము, రొమ్ములో పోటు, దగ్గులో రక్తము కనబడినచో ఒక్క గడియయైనను జాగు చేయక ఆసుపత్రికి చేరవలెను.