మూడో ఎత్తు దగ్గర ఆగిపోతున్నారా?

చదరంగంలో తెల్లపావుల వారికి మొదటి ఎత్తు వేయడానికి 20 దారులుంటాయి. ఎనిమిది బంట్లలో ఏదైనా ఒక గడి గానీ రెండు గళ్లు గానీ ముందుకెళ్లొచ్చు, రెండు గుర్రాలు చెరో రెండు చోట్లకు దూకొచ్చు. నల్లపావుల వారికీ అంతే. అందుకే చెరో ఎత్తు అయ్యేసరికి 400 రకాల వరసలు తయారవుతాయి. చెరి రెండు ఎత్తులకు ఆ లెక్క 1,97,281 అవుతుంది. చెరి ఐదు ఎత్తులయ్యేసరికి 69 లక్షల కోట్లు దాటిపోతుంది.

ఇన్ని వరసల్లో మంచివి కొన్నే. తరతరాల ఆటగాళ్లు ఆడి, ఓడి, సరిదిద్దుకుని ఏరిపెట్టిన ఆ తొలి ఎత్తుల వరసలనే ఓపెనింగ్‌లు అంటున్నాం. వాటిని నేర్చుకోవడం ఎలా? చాలామంది పిల్లలు ఎక్కం బట్టీ పట్టినట్టే పడుతున్నారు. అది ఎందుకు నిలవదో, ఏది నిలుస్తుందో జ్ఞాపకశక్తి మీద జరిగిన పరిశోధనలు చక్కగా చెబుతాయి.

మా మలికిపురంలో పిల్లలు ఇప్పుడు చదరంగం ఎక్కువగా సెల్‌ఫోన్‌లో చూసే నేర్చుకుంటున్నారు. మా వీధిలో ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి ఫ్రెంచ్ డిఫెన్స్ అనే ఓపెనింగ్‌ను ఎనిమిది ఎత్తుల దాకా గడగడా అప్పజెబుతుంది. వేసవి సెలవుల్లో రాజోలు నుంచి వచ్చిన మేనమామతో ఆటకు కూర్చుంది. మూడో ఎత్తుకే ఆయన బంటుతో బంటును కొట్టేశాడు.

"అదేంటి మావయ్యా, ఆ బంటు ముందుకు తొయ్యాలి కదా!"

"నాకిలాగే బాగుందమ్మా, ఆడు."

ఆ పిల్ల బంటును తిరిగి కొట్టి, వరసలో తనకు తెలిసిన తర్వాతి ఎత్తే వేసింది. ఆ ఎత్తు దేనికోసమో దానికి అక్కడ పనే లేదు. నాలుగు ఎత్తుల్లో ఆమె నడిబోర్డు బంటు తోడు లేకుండా ఒంటరిగా మిగిలింది. ఎందుకలా అయిందో తెలియాలంటే ముందు ఆ ఓపెనింగ్ సంగతి చూడాలి.

1834లో లండన్, పారిస్ చెస్ క్లబ్బుల మధ్య ఉత్తరాల ద్వారా ఒక పోటీ మొదలైంది. లండన్ వారు రాజు ముందున్న బంటును రెండు గళ్లు తోసి ఈ4లో నిలిపితే, పారిస్ వారు తమ రాజు ముందున్న బంటును ఒక్క గడే జరిపి ఈ6లో పెట్టారు. గెలుపు కూడా పారిస్ వారిదే. ఫ్రెంచ్ డిఫెన్స్ అన్న పేరు అలా స్థిరపడింది.

బోర్డు దగ్గర పెట్టుకుని చూడండి. తెలుపు ఈ4, నలుపు ఈ6. తెలుపు డి4, నలుపు డి5. ఇప్పుడు నల్లబంటు తెలుపు ఈ4 బంటు మీద గురిపెట్టింది. మూడో ఎత్తుకు తెలుపు ముందు ప్రధానంగా మూడు దారులున్నాయి: బంటును ఈ5కి తోసేయడం, డి5లోని నల్లబంటును కొట్టేయడం, గుర్రంతో ఈ4 బంటుకు కాపు ఇవ్వడం.

మొదటి దారి తీసుకుంటే తెల్లబంట్లు డి4, ఈ5లలో ఏటవాలుగా గొలుసు కడతాయి. ఈ5 బంటుకు ఆధారం డి4 బంటు. వరదకు అడుగు కోసుకుపోతే ఏటిగట్టు మొత్తం తెగిపోతుంది. ఈ గొలుసూ అంతే. దాన్ని కొట్టాల్సింది మొదలు దగ్గరే అని 1920ల్లో నిమ్జోవిచ్ అనే ఆటగాడు గట్టిగా వాదించాడు. అందుకే నలుపు వెంటనే సి5 ఆడుతుంది. తర్వాత గుర్రాన్ని సి6కి, మంత్రిని బి6కి తెస్తుంది. మూడూ వేర్వేరు ఎత్తులుగా కనిపించినా, మూడింటి గురీ డి4 బంటే.

దీనికి నలుపు చెల్లించే మూల్యం ఒకటుంది. ఈ6లో తన బంటే అడ్డంగా నిలబడడంతో సి8లోని బిషప్‌కి దారి మూసుకుపోతుంది. ఫ్రెంచ్ ఆడేవారిని జీవితాంతం వేధించే సమస్య ఈ బిషప్పే.

ఇప్పుడు మా వీధి ఆట గుర్తుచేసుకోండి. మేనమామ డి5లో కొట్టాడు, ఆమె ఈ6 బంటుతో తిరిగి కొట్టింది. దాంతో ఈ6 గడి ఖాళీ అయింది, బిషప్‌కి దారి తెరుచుకుంది. ఫ్రెంచ్‌లో నలుపుకున్న పెద్ద బాధను ఎదుటి వ్యక్తే తీర్చిపెట్టాడన్నమాట! ఈ5లో తెల్లబంటు లేదు కాబట్టి గొలుసూ లేదు, సి5తో మొదలు కొట్టే అవసరమూ లేదు. సి5 ఎందుకు ఆడతారో తెలిసి ఉంటే ఇక్కడ ఆడనక్కర్లేదని కూడా తెలిసేది.

మరి గొప్ప ఆటగాళ్ల బుర్ర ఎలా పనిచేస్తుంది? నెదర్లాండ్స్ మనస్తత్వ శాస్త్రవేత్త అడ్రియాన్ డి గ్రూట్ 1940ల్లో ఈ ప్రశ్న వెంట పడ్డాడు. గొప్ప ఆటగాళ్లు మిగతావారి కంటే ఎన్నో ఎత్తులు ముందుకు లెక్కిస్తారని అందరూ అనుకునేవారు. ఆయనకు అంత తేడా కనిపించలేదు. తేడా అంతా బోర్డును చూసీచూడగానే ఏది ముఖ్యమో పట్టుకోవడంలో ఉంది.

1973లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లారు. సైమన్‌కు తర్వాత 1978లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. నిజమైన ఆటల మధ్యలోంచి తీసిన బోర్డును ఐదు సెకన్లు చూపించి, పావులను మళ్లీ పేర్చమన్నారు. మాస్టర్ దాదాపు 16 పావులను సరిగ్గా పెట్టాడు. కొత్తగా ఆడేవాడు నాలుగింటిని పెట్టాడు. ఆ తర్వాత అవే పావులను అడ్డదిడ్డంగా చల్లి చూపించారు. మాస్టర్ గొప్పతనం మాయమైపోయింది. అప్పుడు కూడా మాస్టర్లకు కాస్త మొగ్గు ఉంటుందని తరవాతి పరిశోధనల్లో తేలింది గానీ అది చాలా చిన్నది.

అంటే మాస్టర్ గుర్తుపెట్టుకునేది విడివిడి పావులను కాదు. బంట్ల గొలుసు, దాని మీద గురి, దారిలేని బిషప్ వంటి ముడులను గుర్తుపెట్టుకుంటాడు. ఒక్కో ముడిలో కొన్ని పావులుంటాయి, వాటిని కలిపి ఉంచేది వాటి పని. అర్థం లేని చోట ముడి పడదు. అందుకే కారణం తెలియకుండా కంఠస్థం చేసిన ఎత్తులు మొదటి గాలికే ఎగిరిపోతాయి.

ఒక ఉదాహరణ ఆడి చూద్దాం. తెలుపు ఈ5కి తోసింది, నలుపు సి5. తెలుపు సి3, నల్లగుర్రం సి6కి. తెల్లగుర్రం ఎఫ్3కి, నల్లమంత్రి బి6కి. తెలుపు బిషప్ డి3కి వచ్చింది. నలుపు డి4లో కొట్టింది, తెలుపు సి3 బంటుతో తిరిగి కొట్టింది. ఇప్పుడు డి4 బంటు మీద నల్లగుర్రం, మంత్రి రెండూ గురిపెట్టాయి. కాపు చూస్తే ఒక్క గుర్రమే, మంత్రికి తన బిషప్పే అడ్డం. బంటు ఊరికే దొరికినట్టే కదా?

గుర్రంతో కొట్టండి. తెల్లగుర్రం దాన్ని కొడుతుంది. మీ మంత్రి ఆ గుర్రాన్ని కొడుతుంది. అప్పుడు తెలుపు బిషప్ డి3 నుంచి బి5కి జరిగి చెక్ చెబుతుంది. బిషప్ తప్పుకోగానే డి1లోని తెల్లమంత్రికి మీ మంత్రి ఎదురుగా దొరికిపోతుంది. రాజును కాపాడుకునేలోగా మంత్రి పోయినట్టే. అందుకే పుస్తకాలు ముందుగా బిషప్‌ను డి7లో పెట్టమంటాయి. బి5 నుంచి చెక్ రాకుండా అది అడ్డుకుంటుంది, ఆ తర్వాతే బంటు మీద గురి నిజమవుతుంది. ఈ వలను ఒక్కసారి చేత్తో ఆడి చూసినవారు డి7 ఎత్తును మళ్లీ మరిచిపోరు.

కారణం తెలిశాక దాన్ని నిలుపుకోవడానికి కూడా ఒక పద్ధతుంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే పరిశోధకులు కళాశాల విద్యార్థులతో పాఠాలు చదివించారు. కొందరు మళ్లీ మళ్లీ చదివారు, కొందరు పాఠం మూసేసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవారిదే పైచేయి. వారం తర్వాత అడిగితే మూసి రాసినవారు ముందున్నారు. వీడియో పదిసార్లు చూసిన పిల్లకు అంతా వచ్చేసినట్టనిపించడం, వారానికల్లా జారిపోవడం ఇందుకే.

మూడో ఎత్తుకు గుర్రాన్ని తెచ్చే దారి ఎంత లోతైనదో 2024 నవంబరు 25న ప్రపంచమంతా చూసింది. సింగపూర్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ తొలి ఆట. తెల్లపావులతో చెన్నైలో పుట్టిన తెలుగింటి కుర్రాడు గుకేశ్, నల్లపావులతో చాంపియన్ డింగ్ లిరెన్. డింగ్ ఫ్రెంచ్ డిఫెన్స్ ఎంచుకున్నాడు. గుకేశ్ సహాయక బృందంలో మన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ ఉన్నాడు. ఫ్రెంచ్ మీద వివరమైన పాఠాలు తయారుచేసినవాడే ఆయన. అయినా ఏడో ఎత్తు దగ్గర డింగ్ చాలాసేపు ఆలోచించి, అంచు బంటును ఎ5కి తోశాడు. కాసేపటికి ఇద్దరూ సొంత బుర్రతోనే ఆడాల్సి వచ్చింది. 42 ఎత్తుల్లో డింగ్ గెలిచాడు. గుకేశ్ కోలుకుని డిసెంబరు 12న 7.5–6.5తో టైటిల్ సాధించాడు. ఎంత సిద్ధమై వెళ్లినా ఏదో ఒక ఎత్తు దగ్గర తయారీ అయిపోతుంది. ఆ తర్వాత నిలబెట్టేది అవగాహనే.

కంప్యూటర్లు ఈ ఓపెనింగ్‌ను చిన్నచూపు చూస్తాయన్న మాటా ఉంది. 2017లో వచ్చిన ఆల్ఫాజీరో అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు నియమాలు తప్ప ఏమీ నేర్పలేదు. తనతో తానే ఆడుకుంటూ మనుషుల ఓపెనింగ్‌లెన్నో కనుక్కుంది. అందులో ఫ్రెంచ్‌నూ కొంతకాలం ఆడి, బలం పెరిగేకొద్దీ తగ్గించేసింది. ఆ యంత్రం స్థాయిలో ఆడేవారు మన జిల్లాలో లేరు, ప్రపంచంలోనూ లేరు. నేర్చుకునే పిల్లలకు బంట్ల గొలుసు పాఠం ఇంత స్పష్టంగా చెప్పే ఓపెనింగ్‌లు తక్కువ.

దీనికి పట్నం కోచింగే కావాలని కూడా లేదు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపికి తొలి గురువు తండ్రి అశోకే. 2002లో 15 ఏళ్లకే ఆమె గ్రాండ్‌మాస్టర్ అయింది, 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది.

కాబట్టి మలికిపురంలోనైనా మరెక్కడైనా నేర్చుకునే పిల్లలు ఇలా చేసి చూడొచ్చు. నల్లపావులకు ఒక్క ఓపెనింగ్ ఎంచుకోండి. ప్రతి ఎత్తు పక్కన అది దేనికోసమో నోటుబుక్కులో ఒక్క వాక్యం రాయండి. మర్నాడు పుస్తకం మూసి, ఎత్తులను కాకుండా ఆ వాక్యాలను చెప్పడానికి ప్రయత్నించండి. వారం తర్వాత మళ్లీ అదే చేయండి. స్నేహితుడితో ఐదో ఎత్తు నుంచి మొదలుపెట్టి రెండు వైపులా మార్చి మార్చి ఆడండి. ఆట అయ్యాక ఎక్కడ ఓడామో వెతకడం కంటే, కారణం తెలియకుండా వేసిన మొదటి ఎత్తు ఏదో వెతకండి. మరుసటి రోజు పాఠం అక్కడి నుంచే మొదలుపెట్టండి.