గల్ఫ్ నుంచి పేషెంట్‌ను విమానంలో తెస్తున్నారా? ముందు గాలి సంగతి తెలుసుకోండి

గల్ఫ్‌లో మనవాళ్లకు యాక్సిడెంట్ అయినా, ఆపరేషన్ అయినా ఇంట్లో మొదట వచ్చే మాట ఒకటే. "ఎలాగైనా ఇంటికి పంపించేయండి." అక్కడి డాక్టర్ ఇంకో వారం ఆగమంటే బిల్లు కోసమే అనుకునేవాళ్లూ ఉన్నారు. చాలాసార్లు అసలు కారణం విమానం లోపలి గాలి.

విమానం 35 వేల అడుగుల ఎత్తులో ఎగిరినా లోపల గాలి ఒత్తిడిని పెంచి ఉంచుతారు. అయినా అది నేల మీద ఉన్నంత ఉండదు. మామూలుగా 6 వేల నుంచి 8 వేల అడుగుల కొండ మీద ఉన్నట్టే. 8 వేల అడుగులంటే సౌదీలోని అబ్హా కంటే, మన ఊటీ కంటే కాస్త ఎక్కువ ఎత్తు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానిలో నాలుగింట మూడు వంతులే.

ఒత్తిడి తగ్గితే గాలి ఉబ్బుతుందని 17వ శతాబ్దంలోనే రాబర్ట్ బాయిల్ చెప్పాడు. విమానంలో చిప్స్ ప్యాకెట్ ఉబ్బడం చూసే ఉంటారు. కామర్స్ చదివిన నాలాంటివాళ్లకు అంతకంటే మంచి పాఠం లేదు. 8 వేల అడుగుల దగ్గర గాలి దాదాపు మూడో వంతు పెరుగుతుంది. ప్యాకెట్‌కు ఏమీ కాదు, ఒంట్లో ఇరుక్కున్న గాలితోనే ప్రమాదం. పక్కటెముకలు విరిగి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినవారిలో అది ఉబ్బి ఊపిరితిత్తిని, గుండెను నొక్కేస్తుంది. ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ట్యూబ్ వేసి గాలి తీసేసి, ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకుందని ఎక్స్‌రేలో తేలాక కూడా సాధారణంగా వారం ఆగమంటారు. తల ఆపరేషన్ తర్వాత పుర్రెలో మిగిలిన గాలి, పేగు కుట్టిన చోట చేరిన గాలి కూడా ఇంతే. రెటీనా ఆపరేషన్‌లో కంట్లో నింపిన గ్యాస్ కరగకముందే ఎక్కితే చూపే పోవచ్చు. పిండికట్టు వేసి 48 గంటలు కాకపోతే దాన్ని పొడవునా చీల్చాకే ఎక్కనిస్తారు.

రెండోది ఆక్సిజన్. గాలిలో దాని వాటా పైనా 21 శాతమే. అయితే మొత్తం ఒత్తిడి తగ్గితే ఆక్సిజన్ ఒత్తిడీ తగ్గుతుందన్నది డాల్టన్ సూత్రం. ఇంటికి పంపే శాతం మారకపోయినా జీతమే కోసేస్తే ఇంటికి చేరేది తగ్గదా? అలాగే. కోవిడ్ రోజుల్లో వేలికి పెట్టుకున్న ఆక్సీమీటర్ గుర్తుందిగా. ఆరోగ్యవంతుడికి 97, 98 చూపించేది విమానంలో 90-93కి దిగొచ్చు, అతనికి తెలియను కూడా తెలియదు. నేల మీదే 90 దగ్గరున్న న్యుమోనియా పేషెంట్ మాటేమిటి?

ఎయిర్‌లైన్స్ 'మెడిఫ్' ఫారం అడిగేది ఇందుకే. వైద్యం చేస్తున్న డాక్టర్‌తో నింపించాలి, ఆక్సిజన్ కావాలంటే ముందే చెప్పాలి. సొంత సిలిండర్‌ను చాలా ఎయిర్‌లైన్స్ ఒప్పుకోవు. "ఏమీ చెప్పకండి, మామూలు ప్యాసింజర్‌గా ఎక్కించేద్దాం" అనే సలహా మాత్రం వినకండి. ఎయిర్ అంబులెన్స్ అయితే కిందుగా ఎగిరి లోపలి ఒత్తిడిని నేల మీద ఉన్నట్టే ఉంచగలదు, కాకపోతే ఇంధనం ఎక్కువ తాగుతుంది, ఖర్చూ పెరుగుతుంది.

టికెట్ కొనేముందు డాక్టర్‌ను రెండు మాటలు అడగండి. ఒంట్లో ఎక్కడైనా గాలి మిగిలిందా? ఆక్సిజన్ పెట్టకుండా రీడింగ్ ఎంత?