గదికి తీర్పు చెప్పేదెవరు?

టెలివిజన్‌లో గదులు అలంకరించే పోటీల గురించి ప్రేక్షకులు చెప్పుకునే మాటలకు సాహిత్య విమర్శ పత్రికలో ఏం పని అని మిత్రులు అడగవచ్చు. పని ఉందనే నా అభిప్రాయం. కవిత చదివి నోరు విప్పడానికి జంకే మనిషి గదిని చూసి జంకడు. పుస్తకం చేతికిస్తే "మాకేం తెలుస్తుందండీ" అని తప్పుకునేవాళ్ళు, గది దగ్గరకు వచ్చేసరికి రంగు ఎందుకు కుదరలేదో, మంచం ఎక్కడ ఉండాలో నిస్సంకోచంగా చెబుతారు. ప్రతి మనిషీ ఏదో ఒక గదిలో బతికినవాడే కాబట్టి ఆ ధైర్యం వస్తుంది. అనుభవంలోంచి విమర్శ ఎలా పుడుతుందో, ఎక్కడ దారి తప్పుతుందో చూడాలంటే ఇంతకన్న తేలికైన ఉదాహరణ నాకు దొరకలేదు.

ఒక కార్యక్రమాన్ని తీసుకుందాం. బ్రిటన్‌లో బి.బి.సి. 2019లో "ఇంటీరియర్ డిజైన్ మాస్టర్స్" అనే పోటీని ప్రారంభించింది. మొదటి సీజన్‌లో పదిమంది పోటీదారులు. వారానికొక పని ఇస్తారు: ఒక వారం దుకాణం, ఒక వారం హోటలు, మరొక వారం సెలవులకు అద్దెకిచ్చే ఇల్లు. డబ్బు పరిమితం, గడువు కొద్దిరోజులే. వడ్రంగులు, రంగులు వేసేవాళ్ళు సాయం చేస్తారు. తీర్పు చెప్పేది మిషెల్ ఒగుండెహిన్. ఈమె "ఎల్ డెకరేషన్" పత్రిక బ్రిటిష్ సంచికకు సంపాదకురాలిగా పనిచేసిన వ్యక్తి. వారం వారం ఒక అతిథి పక్కన కూర్చుంటారు. ప్రేక్షకులకు ఇందులో ఓటు లేదు. అందువల్లనే కావచ్చు, తీర్పు వెలువడిన క్షణం నుంచి వాళ్ళ వాదం మొదలవుతుంది.

ఇటువంటి పోటీలు చూసేవాళ్ళ మాటలు విన్నకొద్దీ అవి నాలుగు రకాలుగా విడిపోతాయని నాకు అనిపించింది. "బాగుంది గాని అందులో నేను ఉండలేను" అనేది మొదటిది. "పంపించాల్సింది ఈమెను కాదు" అనేది రెండవది. "ఆ కాస్త గడువులో ఎవరు మాత్రం ఏం చేస్తారు" అనేది మూడవది. "ఆ మనిషికి పొగరు" అనేది నాలుగవది. ఈ నాలుగూ సాహిత్య విమర్శలో మనం నిత్యం చూసేవే.

మొదటి మాటను పండితులు చులకన చేస్తారు. ఉండగలగటానికీ అందానికీ సంబంధం లేదంటారు. ఈ విషయంలో ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త పియర్ బూర్దియో చేసిన పని మనకు ఉపయోగపడుతుంది. ఆయన 1963లోనూ, 1967-68లోనూ ఫ్రాన్సులో 1,217 మందిని ప్రశ్నించి, ఆ ఆధారంతో 1979లో "డిస్టింక్షన్" అనే గ్రంథం ప్రకటించాడు. మీ ఇంట్లో సామాను ఎక్కడ కొన్నారు, ఇల్లు ఎలా ఉంటే మీకు ఇష్టం అన్నవి కూడా ఆ ప్రశ్నల్లో ఉన్నాయి. శ్రామిక కుటుంబాలవాళ్ళు శుభ్రంగా ఉండాలి, సర్దుకోవడానికి వీలుగా ఉండాలి అనే వైపు మొగ్గితే, చదువూ సంపదా కూడబెట్టుకున్నవాళ్ళు పొందికనూ ప్రత్యేకతనూ కోరుకున్నారు. అభిరుచి పుట్టుకతో వచ్చే వరం కాదనీ, మనిషి పెరిగిన పరిస్థితులు దాన్ని తయారుచేస్తాయనీ బూర్దియో వాదన.

కాబట్టి గోడనిండా అల్మారాలూ వాటినిండా బొమ్మలూ పెట్టిన గదిని చూసి "దీన్ని రోజూ తుడిచేదెవరు?" అని ఒక గృహిణి అడిగితే, అది అందం తెలియని మాట కాదు. ఆ ఇంట్లో చాకిరీ ఎవరి నెత్తిన పడుతుందో తెలిసిన మాట. నిజానికి నిపుణులు కూడా ఈ మాటకు పూర్తిగా దూరంగా లేరు. యజమాని అడిగింది ఏమిటి, అది నెరవేరిందా అని న్యాయనిర్ణేత అడుగుతూనే ఉంటుంది. అయితే ఆ "అడిగింది" దుకాణదారుదో హోటలు యజమానిదో అవుతుంది. హోటలు గదిలో పక్క దుప్పట్లు మార్చే మనిషిని ఏం కావాలని అడిగే ఘట్టం ఈ పోటీల్లో సాధారణంగా కనిపించదు. ప్రేక్షకురాలి ప్రశ్న ఆ ఖాళీని పట్టుకుంది.

మూడవ మాటకు ఇంకా పాత ఉదాహరణ ఉంది. పోటీ కాకపోయినా ఈ కార్యక్రమాలన్నిటికీ దారి వేసినది "చేంజింగ్ రూమ్స్". బి.బి.సి.లో 1996 నుంచి 2004 దాకా వచ్చింది. ఇరుగుపొరుగులు ఇళ్ళు మార్చుకుని, డిజైనర్ల సాయంతో ఒకరి గదిని మరొకరు రెండు రోజుల్లో, 500 పౌండ్లలో మార్చాలి. టేకు కాదు గదా, మామూలు కలప కూడా తీరికగా వాడే వ్యవధి లేదు. ఎం.డి.ఎఫ్. పలకలు కోసి, మేకులు కొట్టి, రంగు పూయటమే. ఒకసారి ఒక ఇంటావిడ ఎంతో ప్రేమగా సేకరించుకున్న టీ పాత్రలను వేలాడే అల్మారాలో అమర్చారు. ఆ అల్మారా రాత్రికి రాత్రి కూలింది, పాత్రలు పగిలాయి. ఆ ఘట్టాన్ని బ్రిటన్‌లో ఇప్పటికీ నవ్వుకుంటూ చెప్పుకుంటారు. తొందర ఎవరి అవసరం? ఇంటివాళ్ళది కాదు, డిజైనరుది కాదు. అది కార్యక్రమ నిర్మాణం కోరిన తొందర. గడువు గురించి మాట్లాడే ప్రేక్షకుడు ఉత్పత్తి పరిస్థితుల గురించి మాట్లాడుతున్నాడు. ఆ పదం వాడకపోవచ్చు, విషయం మాత్రం అదే. దినపత్రికలో వారం వారం సీరియల్ రాసే రచయితను అంచనా వేసేటప్పుడు మనలో ఎందరం ఈ సంగతి గుర్తుపెట్టుకుంటున్నాం?

మా నాన్న వడ్రంగి. ఎవరింటికి వెళ్ళినా బీరువాను ముందునుంచి చూసేవాడు కాదు. సొరుగు బయటికి లాగి, వెనక అతుకు ఎలా ఉందో వేలితో తడిమి చూసేవాడు. టెలివిజన్ ప్రేక్షకుడికి ఆ అవకాశం లేదు. తీర్పు చెప్పే ఆమె గదిలో నిలబడుతుంది, కుర్చీలో కూర్చుంటుంది, గుడ్డను ముట్టుకుంటుంది. ప్రేక్షకుడు చూసేది కెమెరా ఎంచుకున్న కోణం, కూర్పరి ఉంచిన భాగం. రోజుల తరబడి జరిగిన పని గంటలోకి కుదించబడుతుంది. "పంపించాల్సింది ఈమెను కాదు" అనే రెండవ రకం అభిప్రాయానికి ఉన్న బలహీనత ఇదే. అది గది మీద తీర్పు అనుకుంటాం, కాని గది గురించి మరొకరు చెప్పిన కథ మీద తీర్పు. కథకుడు చెప్పినదాన్నంతా నమ్మవద్దని నవల పాఠంలో నేర్చుకునే విద్యార్థి ఇక్కడ కూడా ఆ పాఠాన్నే అన్వయించాలి.

నాలుగవ రకం, అంటే మనిషిని బట్టి గదిని కొలవటం, ఈ కథనం వల్లనే బలపడుతుంది. అమెరికాలో హెచ్.జి.టి.వి. 2006లో "డిజైన్ స్టార్" పోటీ పెట్టి, మొదటి సీజన్‌లో చివరి విజేతను ప్రేక్షకుల ఓట్లకు వదిలింది. డేవిడ్ బ్రోమ్‌స్టాడ్ గెలిచాడు. బహుమతి ఏమిటి? అదే ఛానెల్‌లో సొంత కార్యక్రమం. 2007 నుంచి "కలర్ స్ప్లాష్" పేరుతో అది వచ్చింది. అంటే ప్రేక్షకులను అడిగిన అసలు ప్రశ్న "ఏ గది మంచిది?" అని కాదు, "వచ్చే ఏడాది ఎవరిని చూస్తారు?" అని. విజేత సమర్థుడు కాడని నేననటం లేదు. ఓటు దేనికి వేయించారో గమనించమంటున్నాను. ఓటు ఉన్నంత మాత్రాన అది ప్రజల విమర్శ అయిపోదు. ప్రజల ఇష్టాన్ని సరుకుగా మార్చుకునే పద్ధతి కూడా ఓటు రూపంలోనే రావచ్చు.

అయితే నిపుణుల తీర్పే శరణ్యమా? అలాగని కాదు. ఒగుండెహిన్ తీర్పులో నాకు నచ్చిన గుణం ఒకటుంది. ఓడిపోయే అవకాశమున్న పోటీదారును ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఏది కుదరలేదో, ఎందుకు కుదరలేదో చెబుతుంది. వాళ్ళు జవాబు చెప్పుకోవచ్చు. ప్రేక్షకులు ఆ కారణాన్ని విని ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు. కారణం బయటపెట్టారు కాబట్టే వాళ్ళ వాదానికి పట్టు దొరుకుతోంది.

మన కథల పోటీల ఫలితాలను దీని పక్కన పెట్టి చూడండి. బహుమతి పొందిన పేర్లు ఉంటాయి. "న్యాయనిర్ణేతలదే తుది నిర్ణయం" అన్న వాక్యం ఉంటుంది. రాని కథకు ఎందుకు రాలేదో ఆ కొత్త రచయితకు తెలియదు, వచ్చిన కథకు ఎందుకు వచ్చిందో పాఠకుడికి తెలియదు. ఆ తర్వాత పాఠకుల అభిరుచి పడిపోయిందని మనమే సభల్లో వాపోతాం. కారణాలు వినని పాఠకుడు కారణాలతో వాదించటం ఎక్కడ నేర్చుకుంటాడు?

సాహిత్య విద్యార్థులకు నేను సూచించేది ఇది. ఇలాంటి పోటీ చూసినవాళ్ళ అభిప్రాయాలు నాలుగు పోగుచేయండి. ప్రతి అభిప్రాయాన్నీ మూడు ప్రశ్నలు అడగండి: ఈ మనిషి చూసినది వస్తువునా, వస్తువు గురించి చెప్పిన కథనా? ఏ జీవితానుభవం నుంచి మాట్లాడుతున్నాడు? కారణం అడిగితే చెప్పగలడా? తర్వాత అవే ప్రశ్నలను ఇటీవల మీరు చదివిన ఒక పుస్తక సమీక్షకు వేయండి. సమీక్షకుడు ఆ గృహిణి కంటే మెరుగైన జవాబు ఇచ్చాడేమో చూడండి. ఇవ్వకపోతే ఆ మాట మన పత్రికలకు రాసి పంపండి.