పొదుపు పెరిగితే చెప్పాలి, తరిగితే అడగాలి

రమజాన్ దగ్గరపడిందంటే మసీదుల్లో జకాత్ పుచ్చుకునేవారి పట్టీలు తయారవుతాయి. మా గుత్తిలోనూ అంతే. ఏ వీధిలో ఏ వితంతువు ఉందో, ఏ ముసలాయనకు పని చేసే శక్తి ఉడిగిందో పెద్దలకు తెలుసు. అయితే పోయిన ఏడు రాసిన పేర్లనే ఈ ఏడూ దించుకోవడం అలవాటైపోయింది. కొన్నేళ్ల కిందట ఒక శుక్రవారం జుమా నమాజ్ ముగించుకుని మేము బయటికి వస్తుండగా, గోడవారగా నిలబడి ఉన్న ఒక తల్లి పలకరించింది.

"మౌల్‌సాబ్, పోయినేడు పట్టీలో నా పేరు మీరే రాసినారు. ఈసారి నా దగ్గర దుడ్లు ఉండాయి. మేకపోతులు అమ్మినాను, చీటీ ఎత్తినాను. బిడ్డ నికాకని దాచిపెట్టినాను. నా పేరు ఉంచుతారా, కొట్టేస్తారా?"

ఈ మాట చెప్పమని ఆమెను ఎవరూ బలవంతపెట్టలేదు. ఆమె చెప్పకపోతే మాకు తెలిసేదీ కాదు. ఆ ఏడు కూడా వానలు మొహం చాటేసి శెనక్కాయ పంట ఎండిపోయింది. వంద రూపాయలు కూడా వదులుకోవడానికి ఎవరూ ఇష్టపడని రోజులవి. అటువంటప్పుడు ఆమె ఆ ప్రశ్న అడిగింది.

నిసాబ్ లెక్క

జకాత్ ఎవరికి చెందాలో దివ్యఖురాన్ తౌబా సూరా 60వ ఆయత్‌లో అల్లాహ్ స్వయంగా నిర్ణయించాడు. అక్కడ చెప్పిన ఎనిమిది వర్గాలలో మొదటివారు నిరుపేదలు, అగత్యపరులు. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ మజ్‌హబ్ ప్రకారం దీనికొక కొలత ఉంది. నిత్యావసరాలు పోగా యాభై రెండున్నర తులాల వెండి, అంటే సుమారు 612 గ్రాముల వెండి విలువ చేసే సొమ్ము ఎవరి దగ్గర మిగిలి ఉంటుందో వారు జకాత్ పుచ్చుకోరాదు.

నిత్యావసరాలంటే ఉండే ఇల్లు, కట్టే బట్టలు, వండుకునే పాత్రలు, బతుకుదెరువుకు ఆధారమైన పనిముట్లు. దర్జీ కుట్టుమిషను లెక్కలోకి రాదు. కూలికి వెళ్లే వాని సైకిలు లెక్కలోకి రాదు. కాని పెట్టెలో దాచిన నగదు, చెవులకు, మెడకు ఉన్న బంగారం లెక్కలోకి వస్తాయి. బిడ్డ పెళ్లికని పక్కన పెట్టినా, అది తల్లి చేతిలో ఉన్నంతకాలం తల్లి సొమ్మే. బ్యాంకులో పడిన వడ్డీ మాత్రం మన సొమ్ము కాదు. దానిని పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చివేయాలి.

అప్పును తీసివేయాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. చీటీ ఎత్తిన తర్వాత ఇంకా కట్టవలసిన కంతులు కూడా అప్పే. ఆ తల్లిని కూర్చోబెట్టి మేము ఆ కంతులన్నీ తీసివేసి చూశాం. అంగట్లో ఆనాటి వెండి ధర కనుక్కున్నాం. మిగిలిన సొమ్ముతో 700 గ్రాముల పైచిలుకు వెండి వస్తుందని తేలింది. సంగతి చెప్పగానే, "అయితే కొట్టేయండి సాబ్" అని లేచింది. పోయిన ఏడు తీసుకున్నది తిరిగి ఇవ్వాలా అని కూడా అడిగింది. అవసరం లేదన్నాం. పుచ్చుకున్న నాడు హక్కుదారు అయితే చాలు, తర్వాత కలిమి వచ్చినా ఆ సొమ్ము హలాలే.

నీ సంగతి నీకే తెలుసు

ఒకసారి ఇద్దరు మనుషులు దైవప్రవక్త (స) వద్దకు వచ్చి సద్ఖా సొమ్ములో తమకూ ఇవ్వమని కోరారు. ఆయన వారిని పైనుంచి కిందికి చూశారు. దిట్టమైన ఒళ్లు. మీరు కోరితే ఇస్తాను, కాని కలిగినవానికీ, సంపాదించుకోగల బలవంతునికీ ఇందులో భాగం లేదని సెలవిచ్చారు. అబూ దావూద్, నసాయీ గ్రంథాలలో ఉన్న ఉదంతమిది. ఆయన వారి ఇళ్లు సోదా చేయించలేదు. నియమం చెప్పి, తీర్పును వారి మనసుకే వదిలిపెట్టారు. ఇచ్చేవాడు విచారించి, పేద అనుకుని ఇస్తే వాని జకాత్ నెరవేరుతుంది. నిజం దాచి పుచ్చుకున్నవాని మీద మాత్రం భారం మిగిలిపోతుంది.

సర్కారు సొమ్ము

"అది జకాత్ మాట. సర్కారు సొమ్ముకు ఇన్ని లెక్కలెందుకు?" అనేవారున్నారు. సర్కారు సొమ్మంటే కోట్లమంది పన్నుల సొమ్ము. అందులో మనకంటే బీదవాడు అగ్గిపెట్టె కొన్నప్పుడు కట్టిన పైసా కూడా ఉంది. అంతేకాదు, దరఖాస్తు మీద వేలిముద్ర వేసిన నాడే షరతులకు మనం ఒప్పుకున్నాం. ఒప్పుకున్న షరతుకు కట్టుబడి ఉండడం ముస్లిం లక్షణమని హదీసు నేర్పుతోంది.

1995 ఆగస్టు 15న కేంద్రం వృద్ధులకు పింఛను సాయం మొదలుపెట్టినప్పుడు అది నెలకు 75 రూపాయలు. మన రాష్ట్రంలో 2024 జూలైలో వృద్ధుల, వితంతువుల పింఛను 4,000 రూపాయలైంది. సొమ్ము పెరిగిన కొద్దీ ఆశా పెరుగుతుంది.

2019లో మన రాష్ట్రం బియ్యం కార్డుకు పెట్టిన షరతులు చూడండి. కుటుంబ ఆదాయం పల్లెలో నెలకు 10,000, పట్టణంలో 12,000 రూపాయలు మించరాదు. మాగాణి మూడెకరాల లోపు, మెట్ట అయితే పదెకరాల లోపు ఉండాలి. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి గాని, ఆదాయపు పన్ను కట్టేవారు గాని ఉండరాదు. టాక్సీ, ఆటో, ట్రాక్టరు తప్ప నాలుగు చక్రాల బండి ఉండరాదు. కరెంటు నెలకు 300 యూనిట్లు దాటరాదు.

బ్యాంకులో ఇంత పొదుపు ఉంటే కార్డు పోతుందన్న మాట ఆ షరతుల్లో లేదు. అయినా మన ఇళ్లలో ఆ భయం ఉంది. కార్డు పోతుందని వణికి సొమ్మును బావ పేరనో, మేనమామ పేరనో వేసేవారిని మేమెరుగుదుం. ఆ పేరుగలాయన కన్నుమూస్తే సొమ్ము ఆయన వారసులది అవుతుంది. రుజువు చూపలేక నోరు మూసుకున్న వితంతువులున్నారు. లేని షరతుకు భయపడి సొమ్ము పోగొట్టుకోవద్దు. అదే సొమ్ముతో కారు కొన్నా, కొడుక్కు ప్రభుత్వ ఉద్యోగం వచ్చినా అది వేరే సంగతి. అప్పుడు వార్డు కార్యాలయానికి వెళ్లి మనమే చెప్పుకోవాలి. నియమాలు మారుతుంటాయి కనుక ఎప్పటికప్పుడు అక్కడే అడిగి తెలుసుకోవాలి.

పొదుపునే కొలిచే దేశాలూ ఉన్నాయి. మన తెలుగువారు స్థిరపడిన బ్రిటన్‌లో యూనివర్సల్ క్రెడిట్ అనే సాయం ఉంది. పొదుపు 6,000 పౌండ్లు దాటితే ఆ సాయంలో కోత పడుతుంది, 16,000 దాటితే మొత్తంగా ఆగిపోతుంది. మార్పు వచ్చినప్పుడు పుచ్చుకునేవారే తెలియజేయాలి. కలిమికి ఒక గీత గీసి, ఆ గీత దాటినవాడు పక్కకు తప్పుకోవాలని చెప్పే పద్ధతి మన ఫిఖహ్‌లో ఎన్నో వందల ఏళ్లుగా ఉంది.

తరిగినప్పుడు

ఆ తల్లి కథ అంతటితో ముగియలేదు. బక్రీద్ దాటిన తర్వాత బిడ్డకు జబ్బు చేసింది. దాచిన సొమ్ము ఆసుపత్రికి పోయింది. చీటీ కంతులు మాత్రం నిలిచిపోలేదు. నోటితో వద్దన్నాక మళ్లీ ఎలా అడగాలని ఆమె సిగ్గుపడింది. అప్పు చేసి పూట గడుపుతోందని మాకు తెలిసేసరికి మరో రమజాన్ వచ్చింది. తప్పు మాదే. ఏడాదికొకసారి పట్టీ రాసి మూసిపెట్టాం. మధ్యలో ఒక్కసారైనా ఆ ఇంటి సంగతి అడగలేదు.

బఖరా సూరా 273వ ఆయత్‌లో అల్లాహ్ ఇటువంటివారినే ప్రస్తావించాడు. వారు నోరు తెరిచి అడగరు కాబట్టి, తెలియనివాడు వారిని కలిగినవారనుకుంటాడు. వారిని వెతికి పట్టుకోవలసిన బాధ్యత మనది. ఇక పుచ్చుకునేవారు కూడా ఒకటి గుర్తుంచుకోవాలి. పెరిగినప్పుడు నిజం చెప్పినవారికి, తరిగినప్పుడు అడగడానికి సిగ్గెందుకు? ఆపద వచ్చి ఆస్తి కోల్పోయినవాడు నిలదొక్కుకునేవరకు అడగవచ్చని సహీ ముస్లిం హదీసులో స్పష్టంగా ఉంది.

హజ్రత్ హకీం బిన్ హిజాం (రజి) దైవప్రవక్త (స) వద్ద మూడుసార్లు అడిగి పుచ్చుకున్నారు. ఆశతో పుచ్చుకున్న సొమ్ములో బర్కత్ ఉండదని ఆయన బోధించగా, ఇకపై ఎవరినీ ఏమీ అడగనని ప్రమాణం చేశారు. హజ్రత్ అబూబకర్ (రజి), హజ్రత్ ఉమర్ (రజి) పిలిచి ఆయన భాగం ఇవ్వబోయినా తీసుకోలేదు. ఆయన హక్కు ఇస్తున్నా ఆయనే వద్దంటున్నారని ఉమర్ (రజి) ప్రజలను సాక్షులుగా నిలబెట్టారు.

అంతటి నిగ్రహం అందరికీ సాధ్యం కాకపోవచ్చు. కనీసం మన హక్కు కానిది మన పళ్లెంలోకి రాకుండా చూసుకోవడం సాధ్యమే. మసీదు పెద్దలారా, పట్టీని ఏడాదికి రెండుసార్లు తిరగరాయండి. ఎవరి లెక్కలైనా నలుగురిలో అడగకండి, చాటున అడగండి. పేరు కొట్టేయమన్నవారి ఇంటికి నాలుగు నెలలకొకసారి వెళ్లి రండి. ఆ తల్లి పేరు మళ్లీ మా పట్టీలో ఉంది. పోయిన నెల కనిపించినప్పుడు, "మళ్లీ రెండు మేకలు పట్టినాను సాబ్, రాసుకోండి" అన్నది. అల్లాహ్ ఆమె మందలో బర్కత్ ప్రసాదించుగాక. ఆమీన్.