ఆటల పోటీల్లో మన పిల్లలు – తల్లిదండ్రులు తెలుసుకోవలసిన విషయాలు

"మా అబ్బాయి జిల్లా జట్టులో ఆడుతున్నాడండీ. మార్కులు మాత్రం తగ్గాయి. ఆట మాన్పించమంటారా?" స్కాలర్‌షిప్ దరఖాస్తులు పట్టుకొచ్చే తల్లిదండ్రుల్లో కొందరు ఈ మాట అడుగుతూ ఉంటారు. బరంపురమైనా, షోలాపూరైనా, బెంగుళూరు, చెన్నై, యానాం అయినా ప్రశ్న ఒక్కటే.

పోటీల్లో ఆడే బిడ్డ ఉన్న ఇంట్లో రోజు ఎలా గడుస్తుందో ఆ ఇంటివారికే తెలుసు. తెల్లవారుజామున లేచి గ్రౌండుకు తీసుకెళ్ళాలి. అక్కడినుంచే బడికి పంపాలి. సాయంత్రం మళ్ళీ కోచింగు, ఆదివారం టోర్నమెంటు. తండ్రికి సెలవులు అయిపోతాయి, తల్లికి నిద్ర చాలదు, ఇంట్లో రెండో బిడ్డను అడిగేవారుండరు. ఇంత చేశాక ఫలితం త్వరగా కనబడాలనిపించడం సహజం. చిక్కంతా ఆ తొందరలోనే ఉంది.

పతకం ఈ ఏడు రాకపోతే వచ్చే ఏడు రావచ్చు. పోతే తిరిగి రానివి కొన్ని ఉన్నాయి. అవి బిడ్డ ఆరోగ్యం, బడి చదువు, ఇంటి పొదుపు, ఆట మీద ఉన్న ఇష్టం, నిజాయితీ. పదిహేను పదహారేళ్ళు వచ్చేదాకా ఈ అయిదూ చెడకుండా బిడ్డను ఆడించగలిగితే తల్లిదండ్రులు తమ పని చేసినట్టే. ఆ తరువాత ఆటలో ఎంత దూరం వెళ్ళాలో నిర్ణయించుకోవడానికి అప్పటికి చేతిలో అన్నీ ఉంటాయి.

చిన్నతనంలో వచ్చే పతకాలు

పాఠశాల క్రీడల్లో అండర్-14, అండర్-17, అండర్-19 అని విభాగాలుంటాయి. పన్నెండు, పదమూడేళ్ళ పిల్లల్లో ఎదుగుదల ఒకేలా ఉండదు. ఒకరు అప్పటికే మీసకట్టుతో పొడుగ్గా ఉంటారు, ఇంకొకరు చిన్నపిల్లవాడిలాగే ఉంటారు. పుట్టిన సంవత్సరాన్ని బట్టి విభాగం పెడితే జనవరిలో పుట్టినవారికి, డిసెంబరులో పుట్టినవారికి దాదాపు ఏడాది తేడా ఉంటుంది. ఆ వయసులో గెలుపు చాలాసార్లు ఒంటి బలానిదే గాని ఆటలోని నేర్పుది కాదు. ఆలస్యంగా ఎదిగినవారు రెండు మూడేళ్ళలో అందుకుంటారు. కాబట్టి పన్నెండేళ్ళకు ఓడినందుకు కుంగిపోనక్కరలేదు, గెలిచినందుకు ఉద్యోగం మానేయనక్కరలేదు.

ఒకే ఆటను మరీ చిన్నప్పుడే పట్టుకోవాలన్న నమ్మకం మనవాళ్ళలో బలంగా ఉంది. ప్రపంచస్థాయికి ఎదిగిన క్రీడాకారుల బాల్యాన్ని గురించి 2022లో వెలువడిన ఒక పెద్ద పరిశీలన దీనికి భిన్నంగా చెప్పింది. జాతీయ స్థాయి దగ్గర ఆగినవారితో పోలిస్తే, ప్రపంచస్థాయికి చేరినవారు చిన్నప్పుడు వేరే ఆటలు కూడా ఎక్కువగా ఆడారు, తమ ప్రధాన క్రీడను కాస్త ఆలస్యంగా మొదలుపెట్టారు. ఒంటి బలంతో పనిలేని చదరంగం వంటివాటి దారి కొంత వేరు.

ఇద్దరి ఉదాహరణలు

చెన్నైలోని తెలుగు కుటుంబంలో 2006లో పుట్టిన గుకేశ్ 2024 డిసెంబరులో సింగపూరులో ప్రపంచ చదరంగ చాంపియన్ అయ్యాడు. ఇ.ఎన్.టి. వైద్యుడైన తండ్రి ప్రాక్టీసు పక్కన పెట్టి కొడుకు వెంట దేశాలు తిరిగారు. తల్లి ఉద్యోగంతో ఇల్లు నడిచింది. నాలుగో తరగతి తరువాత పిల్లవాడికి పూర్తికాలం బడి లేదు. ఈ కథ విని చాలామంది తామూ అలాగే చేయాలనుకుంటారు. కాని ఆ ఇంట్లో రెండో సంపాదన ఉంది, తండ్రి ఎప్పుడైనా తిరిగి చేపట్టగల వృత్తి ఉంది. పిల్లవాడు 2019 జనవరిలో, పన్నెండేళ్ళ ఏడు నెలలకే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. ఈ మూడూ లేనిచోట అదే పని చేస్తే జూదమాడినట్టే.

పి.వి. సింధు దారి ఇంకొకటి. తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. తండ్రి రమణ 1986 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టు సభ్యుడు, అర్జున అవార్డు గ్రహీత. అయినా కూతురికి తమ ఆట అంటగట్టలేదు, ఆమెకు నచ్చిన బ్యాడ్మింటన్ ఆడనిచ్చారు. సికింద్రాబాదు నుంచి గచ్చిబౌలిలోని గోపీచంద్ అకాడమీకి తీసుకెళ్ళి తీసుకురావడం వారి వంతు, ఆట నేర్పడం కోచ్ వంతు. సింధు 2016 రియో ఒలింపిక్స్‌లో రజతం, 2019లో ప్రపంచ చాంపియన్‌షిప్, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. హైదరాబాదులోని కాలేజీలో చదువు కూడా సాగించింది. మనలో ఎక్కువమందికి అందుబాటులో ఉన్న దారి ఇదే.

వయసు, పేరు, కాగితాలు

"ఒక్క రెండేళ్ళు తగ్గించి రాయించండి, సెలక్షన్ ఖాయం" అని చెప్పేవారు ప్రతి ఊళ్ళోనూ తగులుతారు. ఆ మాట వినకండి. వయసు మోసాలపై కేంద్ర క్రీడా మంత్రిత్వ శాఖ 2010లోనే జాతీయ నియమావళి తెచ్చింది. మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల ఎదుగుదలను బట్టి వయసు అంచనా వేస్తారు. పట్టుబడితే ఆడకుండా నిషేధిస్తారు. పట్టుబడకపోయినా మేలు లేదు. తనకంటే చిన్నవారిమీద గెలవడానికి అలవాటుపడిన పిల్లవాడు సీనియర్ విభాగంలో నిలబడలేడు. 2015 డిసెంబరులో పటౌడీ స్మారకోపన్యాసంలో రాహుల్ ద్రావిడ్ ఈ జాడ్యాన్ని గట్టిగా ఖండించాడు.

మన కుటుంబాలకు ఇంకో ఇబ్బంది ఉంది. తెలుగు పద్ధతిలో ఇంటిపేరు ముందుంటుంది. తమిళనాడులో ఇంటిపేరు వదిలేసి తండ్రి పేరులోని మొదటి అక్షరం పెడతారు. మహారాష్ట్రలో తండ్రి పేరు మధ్యన వస్తుంది. జనన ధ్రువపత్రంలో ఒక విధంగా, బడి రికార్డులో ఒక విధంగా, ఆధార్‌లో మరో విధంగా ఉంటే రాష్ట్ర జట్టు ఎంపిక నాడు చిక్కు వస్తుంది. పిల్లలు ఆరో తరగతికి రాగానే ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూసుకోండి, తేడా ఉంటే అప్పుడే దిద్దించుకోండి.

పాఠశాల క్రీడల్లో బిడ్డ ఏ రాష్ట్రంలో చదువుతుంటే ఆ రాష్ట్రం తరఫున ఆడాలి. కాకినాడ పక్కనే ఉన్నా, యానాం బడిలో చదివే పిల్లలు ఆడేది పుదుచ్చేరి తరఫున. ఎంపిక పోటీలకు వందల కిలోమీటర్లు వెళ్ళవలసి రావచ్చు కనుక ఆ ఖర్చు, ఆ రోజులు ముందే లెక్కలో వేసుకోవాలి.

ఆరోగ్యం

ఎదిగే పిల్లల ఎముకల చివర మెత్తటి భాగాలుంటాయి. అక్కడినుంచే ఎముక పెరుగుతుంది. ఒకే కదలికను రోజూ వందలసార్లు చేయిస్తే దెబ్బ తగిలేది వాటికే. మోకాలి కింద, మడమ వెనుక, బౌలింగు చేసే పిల్లలకు నడుములో వచ్చే నొప్పి ఇటువంటిది కావచ్చు. నొప్పిని ఓర్చుకోవడం పట్టుదల అనుకోవద్దు. ఆడినప్పుడల్లా అదేచోట నొప్పి వస్తుంటే ఎముకల డాక్టరుకు చూపించాలి.

పిల్లల వైద్యులు చెప్పే లెక్కలు సులువైనవే. వారానికి కనీసం ఒక రోజు పూర్తి విశ్రాంతి ఇవ్వాలి. ఏడాదిలో విడతలవారీగా రెండు మూడు నెలలు ఆ ఆటకు విరామం ఉండాలి. వారంలో కోచింగు గంటలు బిడ్డ వయసుకు మించకూడదు. అంటే పన్నెండేళ్ళ బిడ్డకు వారానికి పన్నెండు గంటలు. ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళవారికి 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం. తెల్లవారుజామున లేపేటప్పుడు రాత్రి ఎన్నింటికి పడుకోబెట్టామో చూసుకోవాలి.

బలం కోసమని డబ్బాల్లో అమ్మే పొడులు కొనకండి. వాటిలో నిషేధిత పదార్థాలు కలిసి ఉండవచ్చు. డోపింగు పరీక్షలు పిల్లలకూ జరుగుతాయి. తెలియక తిన్నామంటే సరిపోదు. జలుబు మందైనా డాక్టరుకు 'మా బిడ్డ పోటీల్లో ఆడుతుంది' అని చెప్పి రాయించుకోవాలి. గుడ్డు, పాలు, పప్పు, అరటిపండు, రాగి సంకటి ఇంట్లోనే ఉన్నాయి.

చదువు, సర్టిఫికెట్లు

జాతీయ, అంతర్జాతీయ పోటీలు పబ్లిక్ పరీక్షల రోజునే పడితే వేరే తేదీన పరీక్ష రాసే వెసులుబాటు సి.బి.ఎస్.ఇ. కల్పించింది. దీనికి పాఠశాల ద్వారా ముందుగా దరఖాస్తు పెట్టాలి. హాజరు విషయంలోనూ ప్రధానోపాధ్యాయుని సంవత్సరం మొదట్లోనే కలవడం మంచిది. మహారాష్ట్రలో పది, పన్నెండు తరగతుల విద్యార్థులకు నియమాల మేరకు క్రీడల గ్రేసు మార్కులున్నాయి. బడికి వెళ్ళడం కుదరనివారికి జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ఉంది. అది చివరి దారి కావాలి.

ఇంటినిండా కప్పులున్నా అన్ని సర్టిఫికెట్లూ ఉద్యోగానికి పనికిరావు. కేంద్ర ప్రభుత్వ శాఖల్లో క్రీడాకారుల నియామకానికి గుర్తించేవి ముఖ్యంగా నాలుగు. అంతర్జాతీయ పోటీల్లో దేశం తరఫున ఆడితే ఫారం-1. జాతీయ పోటీల్లో రాష్ట్రం తరఫున ఆడితే ఫారం-2. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడితే ఫారం-3. జాతీయ పాఠశాల క్రీడల్లో రాష్ట్ర జట్టులో ఆడితే ఫారం-4. ప్రైవేటు అకాడమీలు పెట్టే 'జాతీయ' కప్పులకు డబ్బు కట్టి దూరం వెళ్ళేముందు అది గుర్తింపు పొందిన సమాఖ్య పోటీయేనా అని అడగండి. ఉద్యోగానికి క్రీడతో పాటు విద్యార్హత కూడా కావాలి. పది తప్పిన క్రీడాకారుడికి పతకం ఉన్నా ఎన్నో తలుపులు మూసుకుంటాయి.

ఖర్చు

కోచింగు ఫీజు ఒక్కటే ఖర్చు కాదు. బూట్లు, బ్యాటు లేక రాకెట్టు, ఎంట్రీ ఫీజు, రైలు చార్జీలు, బస, ఫిజియోథెరపీ, పనికి వెళ్ళని రోజుల జీతం అన్నీ ఒక నోటు పుస్తకంలో రాయండి. ఏడాది చివర కూడి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఇల్లు తాకట్టు పెట్టడం, రెండో బిడ్డ ఫీజు ఆపడం ఎన్నడూ చేయవద్దు. తన ఆట కోసం అక్క చదువు ఆగిందని తెలిసిన పిల్లవాడు స్వేచ్ఛగా ఆడలేడు.

ముందు ప్రభుత్వ అవకాశాలు చూడండి. తమిళనాడు, కర్ణాటక, ఒడిశాలలో ప్రభుత్వ క్రీడా హాస్టళ్ళు, మహారాష్ట్రలో క్రీడా ప్రబోధిని ఉన్నాయి. భారత క్రీడా ప్రాధికార సంస్థ రెసిడెన్షియల్ కేంద్రాల్లో ఎంపికైనవారికి వసతి, భోజనం, శిక్షణ ఉచితం. ఖేలో ఇండియా పథకానికి ఎంపికైన క్రీడాకారులకు శిక్షణతో పాటు నెలకు 10,000 రూపాయల చొప్పున చేతిఖర్చు ఇస్తూ వచ్చారు. ఎంపిక నోటీసుల కోసం జిల్లా క్రీడాధికారి కార్యాలయానికి మూడు నెలలకొకసారైనా వెళ్ళి రండి.

ఇంట్లో మాట

ఓడి వచ్చిన బిడ్డతో బండిమీద ఇంటికి వచ్చే అరగంట చాలా ముఖ్యమైనది. తప్పులు బిడ్డకు తెలుసు, చెప్పవలసినవి కోచ్ చెబుతారు. "ఆకలేస్తోందా?" అని అడిగితే చాలు. గీత బయట నిలబడి అరవడం, అంపైరుతో వాదించడం, పక్కింటి పిల్లలతో పోల్చడం బిడ్డకు ఆటంటే భయం పుట్టిస్తాయి. సీజను అయ్యాక ఏడాదికొకసారి "వచ్చే ఏడూ ఆడాలనుందా?" అని నిదానంగా అడగండి. కాదంటే కారణం వినండి. అలసట కావచ్చు, నొప్పి కావచ్చు, చెప్పుకోలేని భయమూ కావచ్చు.

ఆ చివరిదాన్ని తేలికగా తీసుకోకూడదు. ఊరికి దూరంగా జరిగే పోటీలకు ఆడపిల్లల జట్టు వెళ్తుంటే వెంట మహిళా కోచ్ గాని మేనేజరు గాని ఉన్నారా, గదులు ఎలా ఇచ్చారు అని అడిగే హక్కు మీకుంది. మగపిల్లల విషయంలోనూ అడగాలి. లైంగిక వేధింపుల నుంచి పిల్లలను కాపాడే 2012 నాటి పోక్సో చట్టం అకాడమీలకూ వర్తిస్తుంది. సహాయానికి 1098 నంబరు ఉంది. జట్టులో చోటు పోతుందని మౌనంగా ఉండవద్దు.

విద్యార్థులకు ఒక మాట. మీ ఆట వెనుక ఇంట్లోవారి నిద్ర, సెలవులు, డబ్బు ఉన్నాయి. దానికి బదులుగా వారు పతకమే అడగరు. నొప్పి దాచకుండా చెప్పండి, నిజమైన వయసుతో ఆడండి, రోజూ గంటన్నర పుస్తకం తీయండి. పదో తరగతి నాటికి మంచి ఒళ్ళు, మంచి మార్కులు, ఆట మీద ఇష్టం మూడూ మిగిలి ఉంటే, జాతీయ జట్టులోకి వెళ్ళినా వెళ్ళకపోయినా మీకు నష్టం లేదు.